ఎయిర్‌బ్యాగులోకి చెమ్మ చేరితే

2014 సెప్టెంబరు నెలాఖరున అమెరికాలోని ఓర్లాండోలో ఒక హోండా అకార్డ్ కారు ప్రమాదానికి గురైంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఊరు అది. కారు నడుపుతున్న మహిళ మెడ మీద లోతైన గాట్లున్నాయి. రోడ్డు ప్రమాదంలో తగిలే దెబ్బల్లా లేవు అవి. ఎవరో కత్తితో పొడిచి ఉంటారని పోలీసులు అనుమానించి, ఆధారాల కోసం వెతకడం మొదలుపెట్టారు. కొద్దిరోజులకే ఆమె చనిపోయింది. ఆ తర్వాత వారానికి ఆమె ఇంటికి హోండా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ కారు ఎయిర్‌బ్యాగులో లోపం ఉంది, పగిలి లోహపు ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది, తెచ్చి మార్పించుకోండి అని అందులో ఉంది. కేసు ముడి అక్కడ విడింది.

ఆ కారు 2001 మోడల్. పదమూడేళ్లుగా ఆ ఎయిర్‌బ్యాగు స్టీరింగులో ముడుచుకుని ఉంది. దాన్ని ఎవరూ వాడలేదు, కదపలేదు, అరగదీయలేదు. అలాంటి వస్తువు పాడవడమేమిటి? గుడ్డతో కుట్టిన సంచి నుంచి లోహపు ముక్కలు ఎక్కడివి? ఒకే కంపెనీ ఒకే రకంగా చేసిన ఎయిర్‌బ్యాగులు చలి రాష్ట్రాల్లో బాగానే ఉండి, ఫ్లోరిడాలాంటి చోట్లనే ఎందుకు ఎక్కువగా పేలాయి? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికేసరికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది కోట్ల ఎయిర్‌బ్యాగుల్ని వెనక్కి పిలవాల్సి వచ్చింది. మోటారు వాహనాల చరిత్రలో అంత పెద్ద రీకాల్ మరొకటి లేదు.

రెప్ప వేసేలోపు

కారు దేన్నైనా గట్టిగా గుద్దుకుంటే డ్రైవరు తల స్టీరింగును తాకడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. సంచి అంతకన్నా ముందే నిండి సిద్ధంగా ఉండాలి. వేగం ఒక్కసారిగా పడిపోవడాన్ని సెన్సర్లు పసిగడతాయి. అది రోడ్డు మీద గుంతలో పడ్డ కుదుపా, నిజంగా గుద్దుకోవడమా అన్నది కారులోని చిన్న కంప్యూటరు తేల్చుకుంటుంది. దీనికి పదిహేను, ఇరవై మిల్లీసెకన్లు. ఆపైన ముప్ఫై మిల్లీసెకన్లలో యాభై అరవై లీటర్ల సంచి ఉబ్బిపోవాలి. మనిషి కన్ను ఒకసారి రెప్ప వేయడానికే వంద మిల్లీసెకన్లు దాటుతుంది.

ఏ పంపూ ఇంత వేగంగా గాలి నింపలేదు. అందుకే డ్రైవరు ముందుండే ఎయిర్‌బ్యాగుల్లో ఎక్కువ వాటికి గాలి బయటి నుంచి రాదు. సంచి వెనక గుప్పిట్లో పట్టేంత ఉక్కు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని ఇన్‌ఫ్లేటర్ అంటారు. లోపల మాత్రల్లా అచ్చుపోసిన ఇంధనపు బిళ్లలు పేర్చి ఉంటాయి. కంప్యూటరు పంపిన కరెంటుకు నిప్పురవ్వ పుట్టి బిళ్లలు అంటుకుంటాయి. కాలినప్పుడు పుట్టే వాయువు డబ్బా చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి, జల్లెడలాంటి లోహపు వడపోత గుండా సంచిలోకి దూకుతుంది. తల వచ్చి ఆనగానే సంచి వెనక ఉన్న కన్నాల్లోంచి వాయువు జారిపోయి, దెబ్బ మెత్తబడుతుంది.

అంటే మనం రోజూ గుండెకు ఎదురుగా పెట్టుకుని తిరుగుతున్నది ఒక చిన్న నిప్పుల డబ్బా. ఆ నిప్పు ఎంత వేగంతో కాలాలో సరిగ్గా అంతే వేగంతో కాలాలి. నెమ్మదిగా కాలితే సంచి ఆలస్యంగా నిండుతుంది. తొందరగా కాలితే వాయువు బయటికి పోయే దారి చాలదు, డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ బిళ్లలు ఇంకా వేగంగా కాలతాయి, దాంతో ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఈ వలయం మొదలైతే ఉక్కు డబ్బా తట్టుకోలేక చీలిపోతుంది. ఓర్లాండో కారులో ఎగిరిన ముక్కలు ఆ డబ్బావే.

చిచ్చుబుడ్డి ఎందుకు పేలుతుంది

దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరిన అనుభవం ఉన్నవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను కలిపిన మందును మట్టి బుడ్డిలో కొద్దికొద్దిగా పోస్తూ, కర్రతో గట్టిగా దట్టించాలి. పెద్దవాళ్లు పక్కన కూర్చుని మరీ దట్టింపించేవారు. బాగా దట్టించిన మందుకు నిప్పు పైనుంచి పొరపొరగా దిగుతుంది, పూలు ఎగసిపడతాయి. వదులుగా కూరితే సందుల్లోంచి నిప్పు ఒక్కసారిగా లోపలికి దూరుతుంది. మందంతా ఒకేసారి అంటుకుని బుడ్డి ఢామ్మని పగులుతుంది. మందు అదే, కొలతా అదే. తేడా అంతా నిప్పుకు దొరికిన ఉపరితలంలోనే ఉంది.

ఎయిర్‌బ్యాగు బిళ్ల కూడా పైపొర నుంచే కాలేలా, లోపల సందు లేకుండా, భారీ ఒత్తిడితో అచ్చుపోసి తయారవుతుంది. దానిలో సన్నటి పగుళ్లు, కంటికి కనిపించని బోలుతనం ఏర్పడితే చిచ్చుబుడ్డి కథే స్టీరింగులో జరుగుతుంది. అందుకే ఆ బిళ్లను దేనితో చేశారు, అది ఎన్నేళ్లు గట్టిగా ఉంటుంది అన్నవి ప్రాణాల మీదికి వచ్చే ప్రశ్నలు.

జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ ఇక్కడే దారి తప్పింది. 1933లో నేత పరిశ్రమగా పుట్టి, సీటు బెల్టులు చేసి పేరు తెచ్చుకుని, ఎయిర్‌బ్యాగుల్లోకి వచ్చిన సంస్థ ఇది. తొలినాళ్లలో ఎయిర్‌బ్యాగు పరిశ్రమ అంతా సోడియం అజైడ్ వాడేది. అది విషపదార్థం కావడంతో తొంభైల్లో కంపెనీలు వేరే రసాయనాలకు మళ్లాయి. టకాటా 2000 ప్రాంతంలో అమ్మోనియం నైట్రేట్‌ను ఎంచుకుంది. పొలాల్లో ఎరువుగా, గనుల్లో పేలుడు మందుగా వాడేది ఇదే. 2020లో బీరుట్ రేవును నేలమట్టం చేసిందీ ఇదే.

ఎంచుకోవడానికి కారణాలు లేకపోలేదు. చవక. గ్రాముకు ఎక్కువ వాయువు ఇస్తుంది, బూడిద తక్కువ. కాబట్టి డబ్బా చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, ధర తగ్గుతుంది. కార్ల కంపెనీలకు ఈ మూడూ నచ్చాయి. పోటీ సంస్థ ఆటోలివ్ నిపుణులు మాత్రం ఈ రసాయనాన్ని పరిశీలించి, ప్రమాదకరమని తేల్చి, దూరంగా ఉన్నారు.

ఎండ, చెమ్మ, ఏళ్లు

అమ్మోనియం నైట్రేట్‌కు రెండు గుణాలున్నాయి. రెండూ తెలిసినవే, రసాయన శాస్త్ర పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నవే.

మొదటిది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. ఎరువు బస్తా వర్షాకాలంలో గడ్డకట్టడం చూసిన రైతుకు ఇది కొత్త విషయం కాదు. రెండోది కొంచెం విచిత్రమైన గుణం.

కొంచెం వివరంగా: 32 డిగ్రీల దగ్గర ఏం జరుగుతుంది?
ఘనపదార్థంలో అణువులు ఒక పద్ధతిలో పేర్చుకుని ఉంటాయి. స్వచ్ఛమైన అమ్మోనియం నైట్రేట్‌లో ఆ పేర్పు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారిపోతుంది. కరగదు, రంగు మారదు. కానీ కొత్త పేర్పుకు కొంచెం ఎక్కువ చోటు కావాలి కాబట్టి గింజ ఉబ్బుతుంది. చల్లబడితే మళ్లీ కుదించుకుంటుంది. ఇలా వందలసార్లు జరిగితే గట్టి బిళ్ల కూడా వదులై పొడి రాలుతుంది. దీన్ని ఆపడానికి అందులో సూరేకారంలాంటి లవణాలను కలుపుతారు. టకాటా వాడినది ఇలా స్థిరపరచిన రకమే. కాబట్టి కంపెనీ దృష్టిలో సమస్య తీరిపోయింది. కానీ తేమ సంగతి అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు ఒక కారును ఆరుబయట నిలిపి ఉంచారనుకుందాం. పగటి ఎండకు తలుపులు మూసిన కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువవుతుంది, రాత్రికి దిగిపోతుంది. ఇన్‌ఫ్లేటర్ డబ్బాను గాలి చొరకుండా మూస్తారు గానీ, ఆ మూతల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. లోపలికి వచ్చిన తేమ ఒకచోట ఉండదు. పగలు వేడికి బిళ్లల్లోంచి ఆవిరై బయటికి వస్తుంది, రాత్రి చల్లబడ్డాక మళ్లీ బిళ్లల్లోకి ఇంకుతుంది. ప్రతిసారీ కొంత లవణం కరిగి, మళ్లీ గడ్డకట్టి, బిళ్ల నిర్మాణం రవ్వంత మారుతుంది. పాత కార్లలోంచి తీసిన బిళ్లలను కొలిచి చూస్తే కొత్తవాటికన్నా లావెక్కి, సాంద్రత తగ్గి కనిపించాయి. బరువు అదే, లోపల బోలు ఎక్కువ.

వాహన కంపెనీలు కలిసి స్వతంత్ర పరీక్షల కోసం నియమించుకున్న ఆర్బిటల్ ఏటీకే అనే రాకెట్ ఇంధన సంస్థ 2016 ఫిబ్రవరిలో తన నిర్ధారణను బయటపెట్టింది. తేమను పీల్చే పదార్థం లేకుండా అమ్మోనియం నైట్రేట్ వాడటం, ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండటం, తేమను పూర్తిగా ఆపలేని డబ్బా నిర్మాణం - ఈ మూడూ కలిస్తేనే పేలుడు. ఒక్కటి తీసేసినా ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఫ్లోరిడా, మెక్సికో సింధుశాఖ తీరం, హవాయి, పోర్టోరికోలలో మూడూ కలిశాయి. మలేషియాలోనూ కలిశాయి, అక్కడా మరణాలు సంభవించాయి. చలి రాష్ట్రాల్లో అదే డబ్బాకు అదే దశ చేరడానికి మరెన్నో ఏళ్లు పడుతుంది. అక్కడివి బాగున్నాయని కాదు, ఇంకా ముదరలేదు. అందుకే అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ దేశాన్ని వాతావరణాన్ని బట్టి మూడు మండలాలుగా విడదీసి, వేడి, చెమ్మ ఉన్న మండలం నుంచి మార్పిడి మొదలుపెట్టించింది.

2001 నుంచి 2003 వరకు తయారైన కొన్ని హోండా, అక్యూరా కార్లు వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనవి. వాటి నుంచి తీసిన ఇన్‌ఫ్లేటర్లను పరీక్షిస్తే సగం వరకు పగిలిపోయాయి. ఆ కార్లను మరమ్మతుకు తీసుకెళ్లడానికి తప్ప నడపవద్దని 2016 జూన్‌లో ఆ సంస్థ ప్రజలకు చెప్పాల్సి వచ్చింది.

నాలుగు వేల కార్ల నుంచి కోట్లకు

రీకాల్ ఎలా సాగిందో చూస్తే మనసు కలుక్కుమంటుంది. 2004లోనే అలబామాలో ఒక అకార్డ్ కారులో ఇన్‌ఫ్లేటర్ పగిలి డ్రైవరు గాయపడ్డాడు. దాన్ని ఒంటరి ఘటన అనుకుని పక్కన పెట్టారు. 2008 నవంబరులో హోండా తొలిసారి రీకాల్ ప్రకటించింది, అదీ సుమారు 4,000 కార్లకే. 2009లో ఓక్లహోమాలో ఒక టీనేజి అమ్మాయి చనిపోయింది. రీకాల్ పెరిగింది. ఆ తర్వాత మరికొన్ని, మళ్లీ మరికొన్ని. 2013లో టొయోటా, నిస్సాన్, మాజ్దా కూడా చేరాయి. 2015 మేలో అమెరికాలోనే ఆ లెక్క 3.4 కోట్ల వాహనాలకు చేరింది. చివరికి అక్కడ తేలింది సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు, 19 కంపెనీల కార్లు.

ఇన్ని విడతలు ఎందుకు పట్టింది? కారణాన్ని ప్రతిసారీ ఫ్యాక్టరీలో వెతికారు. వాషింగ్టన్ రాష్ట్రం మోసెస్ లేక్‌లోని టకాటా ఫ్యాక్టరీలో బిళ్లలు అచ్చుపోసే యంత్రానికి, సరిగ్గా దట్టించని వాటిని తనంతట తాను పక్కన పడేసే ఏర్పాటు ఉంది. దాన్ని ఆపేసే వీలూ ఉంది. మెక్సికోలోని మోంక్లోవా ఫ్యాక్టరీలో కొన్ని బిళ్లలు తేమ గాలికి బయటే ఉండిపోయాయి. ఈ తప్పులు నిజంగా జరిగినవే. కానీ ఈ వివరణ ఒప్పుకుంటే ఫలానా తేదీల మధ్య, ఫలానా యంత్రం మీద తయారైనవే చెడ్డవి, మిగతావి మంచివి అవుతాయి. అందుకని గీత గీసి, గీత లోపలి కార్లను మాత్రం పిలిచారు. కొన్నాళ్లకు గీత బయటి కారులో పేలింది. గీతను కొంచెం జరిపారు.

అసలు దోషం ఆ రసాయనానికి, కాలానికి మధ్య ఉంది. ఫ్యాక్టరీ తప్పులు దాన్ని తొందర చేశాయంతే. ఏ తప్పూ లేకుండా తయారైన బిళ్ల కూడా ఎండలో, చెమ్మలో తగినన్ని ఏళ్లుంటే అదే గతి. కొత్త డబ్బాను ప్రయోగశాలలో ఎన్నిసార్లు పేల్చి చూసినా ఈ లోపం బయటపడదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో అందరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. బ్రేకులు అరిగితే చప్పుడు చేస్తాయి, టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగు మాత్రం పనిచేయాల్సిన ఆ ఒక్క క్షణం వరకు ఏమీ చెప్పదు. దాని మంచిచెడ్డలు తెలుసుకునే దారి యజమానికి లేదు, మెకానిక్కుకూ లేదు. తయారీదారు రికార్డులు, పరీక్షల ఫలితాలు తప్ప మరో ఆధారం లేదు.

సరిగ్గా ఆ పరీక్షల ఫలితాలనే టకాటా మార్చింది. ఇన్‌ఫ్లేటర్లు పరీక్షల్లో విఫలమైన సంగతి దాచి, దిద్దిన నివేదికలను కార్ల కంపెనీలకు పంపింది. 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని, వంద కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. అందులో 85 కోట్లు కార్ల కంపెనీలకు, 12.5 కోట్లు బాధితులకు, 2.5 కోట్లు జరిమానా. బాధితుల వాటా ఎంతో ఒకసారి మళ్లీ చూడండి. అదే ఏడాది జూన్‌లో టకాటా దివాలా తీసింది. 2018లో కీ సేఫ్టీ సిస్టమ్స్ అనే సంస్థ దాన్ని కొనేసింది.

ఒక డబ్బా, పందొమ్మిది బ్రాండ్లు

కారు మీద ఉండే పేరు ఒకటి, లోపలి భాగాలు చేసేవాళ్లు వేరు. హోండా, టొయోటా, ఫోర్డ్, బీఎండబ్ల్యూ బయట పోటీదారులే అయినా, స్టీరింగు మధ్యలో వాటన్నిటికీ ఒకే టకాటా డబ్బా. ఇలా సరఫరాదారుల మీద ఆధారపడటం తప్పేమీ కాదు. ఒకే పనిలో ఆరితేరిన సంస్థ నుంచి కొంటే నాణ్యత పెరుగుతుంది, ధర తగ్గుతుంది. కాకపోతే ఆ సంస్థ పొరబాటు ఒక బ్రాండుతో ఆగదు. పైగా డబ్బాను మార్చాల్సివస్తే, మార్చడానికి కోట్ల డబ్బాలు చేయగలవాళ్లు ప్రపంచంలో గుప్పెడు మందే. ఈ కొరత వల్ల కొందరు యజమానులు నెలల తరబడి ఎదురుచూశారు. ఇంకొందరి కార్లకు అదే రకం డబ్బాను కొత్తది వేసి పంపి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ పిలిచి మార్చారు.

తేమను పీల్చే పదార్థం కలిపి టకాటా ఆ తర్వాత చేసిన డబ్బాల సంగతి ఇంకా తేలలేదు. పీల్చే పదార్థానికీ ఒక హద్దు ఉంటుంది, అది నిండాక ఏమవుతుందన్నదే ప్రశ్న. అలాంటి డబ్బాలున్న దాదాపు మూడు కోట్ల వాహనాల మీద అమెరికా భద్రతా సంస్థ 2021లో విచారణ మొదలుపెట్టింది.

మన రోడ్ల మీద

భారత్‌లోనూ ఈ ఎయిర్‌బ్యాగులు అమ్ముడయ్యాయి. హోండా కార్స్ ఇండియా 2016 జులైలో 1,90,578 కార్లను, 2018 జనవరిలో మరో 22,834 కార్లను టకాటా ఇన్‌ఫ్లేటర్ల మార్పిడికి పిలిచింది. సిటీ, జాజ్, సివిక్, అకార్డ్, సీఆర్‌వీ మోడళ్ల పేర్లు వివిధ విడతల్లో వచ్చాయి. వీటిలో చాలా కార్లు ఇప్పుడు రెండో చేతికో, మూడో చేతికో మారి ఉంటాయి. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ, నెల్లూరు తీరాల వేసవినీ ఉక్కపోతనూ తలచుకుంటే, పై మూడు షరతుల్లో వేడి, చెమ్మ గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్రానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు రీకాల్ అంటే కంపెనీల ఇష్టం మీద జరిగేదే. నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే విచారణ, అవసరమైతే కోటి రూపాయల దాకా జరిమానా. మంచి అడుగే. అయితే తయారై ఏడేళ్లు దాటని వాహనాలకే ఇది వర్తిస్తుంది. ఓర్లాండో కారు వయసు పదమూడేళ్లని పైన చదివాం. ముదిరేకొద్దీ బయటపడే లోపాలకు ఈ ఏడేళ్ల గీత సరిపోదు, దాన్ని జరపాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి ఒక మాట. చదువుకు వెళ్లిన తెలుగు విద్యార్థులు మొదట కొనేది చాలావరకు పాత సివిక్కో, అకార్డో, కరోలానో. రీకాల్ పూర్తికాని పాత కారును అమ్మకూడదనే ఫెడరల్ చట్టం అక్కడ లేదు. 2016లో టెక్సస్‌లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే హ్యూస్టన్ శివారు ఫోర్ట్ బెండ్ కౌంటీలో, 17 ఏళ్ల అమ్మాయి నడుపుతున్న 2002 సివిక్ ముందున్న వాహనాన్ని గుద్దింది. మామూలుగా అయితే ప్రాణం పోయే ప్రమాదం కాదది. ఇన్‌ఫ్లేటర్ ముక్క తగిలి ఆమె చనిపోయింది. ఆ కారు రీకాల్‌లో ఉంది, మరమ్మతు జరగలేదు.

మీ కారు సంగతి తెలుసుకోవాలంటే
ఆర్‌సీలో 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీలో కొట్టినా, షోరూములో ఇచ్చినా చెబుతారు. అమెరికాలో దీన్నే విన్ నంబరు అంటారు, జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కారు ఎన్ని చేతులు మారినా, వారంటీ అయిపోయినా ఈ డబ్బా మార్పిడికి డబ్బు తీసుకోరు. కంపెనీ ఉత్తరం మొదటి యజమాని పాత చిరునామాకే వెళ్లి ఉండవచ్చు కాబట్టి, ఉత్తరం రాలేదు గనక ఫర్వాలేదని అనుకోవద్దు.

ఛాసిస్ నంబరుతో దొరకనిది ఒకటుంది. 2017లో లాస్ వేగస్‌లో ఒక 2002 అకార్డ్‌లో ఎయిర్‌బ్యాగు పేలి పద్దెనిమిదేళ్ల యువతి గొంతుకు తీవ్రగాయమైంది. ఆరా తీస్తే ఆ ఎయిర్‌బ్యాగు ఆ కారుతో వచ్చినది కాదు. తుక్కుకు పోయిన 2001 అకార్డ్ లోంచి తీసి బిగించినది. నంబరు కారుకే ఉంటుంది, బిగించిన పాత డబ్బా చరిత్ర అందులో కనిపించదు. ప్రమాదంలో దెబ్బతిని బాగుచేయించిన కారును కొనేటప్పుడు ఎయిర్‌బ్యాగు కొత్తది వేసిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి, స్టీరింగు మూత తెరిపించి, ఇన్‌ఫ్లేటర్ మీది సీరియల్ నంబరు చూపించుకోండి. ఆ పని వాళ్ల చేతనే చేయించండి, ఇంటి దగ్గర మీరు విప్పవద్దు.